పసుపు గుడ్డ కట్టిన ద్రాక్షారసం

దేవునికి స్తోత్రం. కళ్లు మసకబారిన ఈ వయసులోనూ నా ముక్కును, నాలుకను చెడనీయని తండ్రికి మహిమ కలుగును గాక. మొన్న మా చిన్నకోడలు, ఎవరో చిన్న తోటవాళ్లు చేసిన ఎర్ర ద్రాక్షారసం సీసా తెచ్చి, మామయ్య విశ్వాసి కదా, ముట్టడేమోనని మొహమాటపడుతూ ముందు పెట్టింది. కొంచెం పోయించుకుని ముందు వాసన చూశాను. నేరేడుపండు, లవంగం, తడిసిన మట్టి. బాగుంది. కానీ మా మేనత్త జాడీకి సాటి రాదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మేనత్త ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో కూలి చేసేది. కొమ్ములు ఏరి ఏరి సాయంత్రానికి కనురెప్పల దాకా పచ్చబడి వచ్చేది. తొంభైల మొదట్లో మా సంఘంలో ప్రభు భోజనానికి ద్రాక్షారసం ఆమే చేసేది. నల్లద్రాక్ష దిగగానే బుట్టెడు కొని, ఒక్కొక్క పండూ తుడిచి, చక్కెర, లవంగాలు, దాల్చినచెక్క వేసి జాడీలో పిసికి, గుడ్డ కట్టేది. రోజూ కలిపి, జాడీకి చెవి ఆనించి వినేది. లోపల బుసబుస ఆగేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వడగట్టిన రోజు, అప్పటికే పిల్లల తండ్రినైన నాకూ ఓ చెంచాడు ఇచ్చి, "గుటుక్కున మింగకు బిడ్డా, నాలుక మీద జర ఉండనియ్యి" అనేది. ముందు పులుపు, వెనక తీపి, మింగాక గొంతులో వెచ్చగా లవంగం.

అలాంటి జాడీని కోస్తా నుంచి సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు చూసి, "ఈ పసుపు గుడ్డ ఏమిటమ్మా? ఏ దేవతకు మొక్కుకున్నారు?" అన్నాడు.

"మార్కెట్ల పనిచేసేటోళ్ల ఇంట్ల తెల్లగుడ్డ యాడికెల్లి వస్తదయ్యగారూ? నా గోర్లు సుత పచ్చగనే ఉన్నయి. మొక్కి పెంచిన్నా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. అనుమానమున్నది ప్రభు భోజనపు బల్ల మీద పెట్టనన్నాడు. పైగా ఊళ్లో ఆడవాళ్లు సారా వద్దని కొట్లాడుతుంటే మందిరంలో ఈ వాసనేమిటన్నాడు. ఆ కొట్లాటలో ముందు నడిచిందే మేనత్త. ఆమె భర్తను, మా మామను, సారాయే తిన్నది; అప్పటినుంచి ఆమె మా ఇంట్లోనే ఉండేది.

ఆ నెల బల్ల మీదికి దుకాణం షర్బత్ వచ్చింది. మేనత్త రొట్టె తీసుకుంది, షర్బత్ గిన్నెను తాగకుండానే పక్కకు దాటించింది. "కానా ఊరి పెండ్లిల ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేసిండా, షర్బత్ చేసిండా?" అని మెల్లగానే అడిగింది. మాలో గిన్నె ముట్టకపోవడం చిన్న సంగతి కాదు. ఇంటికొచ్చి, "ప్రభువు నన్ను ఇడిచిపెడ్తడా బిడ్డా?" అని ఏడ్చింది. అయినా మరుసటి నెల కూడా ముట్టలేదు. ఈసారి ఆడవాళ్ల వరుస వరుసంతా గిన్నెను దాటించింది.

ఆ వారమే అయ్యగారు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మేనత్త చెంచాడు పోసి ఇచ్చింది. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "ఆదివారం తీసుకురండమ్మా. గుడ్డ మాత్రం మార్చండి."

"గుడ్డ మార్చ. నా చేతుల రంగు ప్రభువుకు ఎర్కే."

జాడీ ఆ గుడ్డతోనే బల్ల ఎక్కింది.

మేనత్త ప్రభువు దగ్గరికి పోయింది. సంఘంలో ఇప్పుడు మళ్లీ ప్లాస్టిక్ కప్పుల్లో షర్బతే. సంఘ పెద్దలు వద్దంటున్నా ఈ ఏడు నేను జాడీ పెట్టాను, బల్ల దాకా మోసుకుపోతాను. చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి. ద్రాక్ష పులియడానికి నెల చాలు, మనుషుల మనసు తిరగడానికి ఏళ్లు పడతాయి; నాకు మిగిలిన కాలం అందుకు సరిపోవాలని అడగండి. ఆమేన్.