ఐదో రోజు

జమ్మలమడుగు మిషన్ బడిలో హెప్సిబా టీచరుకు అబద్ధమంటే ఒళ్లు మంట. హోంవర్కు రాయని పిల్లలు కూడా ఆమె ముందర నిజమే చెబుతారు. నలభై మూడేళ్లొచ్చినా ఆమెకు కడుపు పండలేదు. ఈ నెలంతా వాచీ చూసుకుంటూ, నిమిషం అటూ ఇటూ కాకుండా సూదులు వేయించుకుంది. ఎవరో దాత ఇచ్చిన అండంతో ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పిండం తయారైంది. ఐదో రోజు పదకొండుకల్లా దాన్ని ఆమె గర్భంలో పెట్టాలి. ఆ పూట దాటితే నిలవదని డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఐదో రోజే, పార్టీ నాయకుణ్ణెవరో నరికేశారని బందు. ఊరి బయట కట్టెలు పట్టుకున్న మనుషులు ఆమె, మొగుడు దేవపాలు పోతున్న జీపును ఆపారు. ఆసుపత్రికని చెబితే ఏం రోగమని అడుగుతారు. దాత సంగతి అత్తకే తెలియదు. వాచీలో పది దాటింది.

"చావుకు పోతాండామప్పా," అంది టీచరు.

"ఎవురు పోయినారు?"

"నా బిడ్డ."

వాళ్లలో, ఎప్పుడో ఆమె దగ్గర చదివిన మీసాలాయన తలగుడ్డ తీసేశాడు. "మా టీచరమ్మప్పా, అబద్ధం చెప్పదు. ఇడ్సండి."

ప్రొద్దుటూరు దాకా ఆమె మళ్లీ వాచీ చూడలేదు. పొత్తికడుపు మీద చెయ్యేసుకొని, "ఉత్తిదేలే నాయనా, ఉత్తిదే. నువ్వు రా," అంటానే ఉంది.