డాక్టరు మాటలో నేను మింగిన సగం

ఆరేళ్లుగా సగం వాక్యం మోస్తున్నాను. పూర్తి వాక్యమైతే ఇంత బరువుండేది కాదేమో. మీకైతే చెప్పగలను, మీరు నాకు పెళ్లిళ్లలో ఎదురుపడరు.

మా చిన్నాయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్. పోచంపల్లి చీర మడత విప్పకముందే మాటలతోనే సగం కట్టబెట్టేవాడు. ఆయన గొంతులో క్యాన్సర్ అని తేలింది. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది: డాక్టరుతో మాట్లాడేది రోగి కాదు, ఇంగ్లీషు వచ్చినవాడు. ఆ పదవి నాది.

ఎల్బీ నగర్ ఆసుపత్రిలో డాక్టరు కాగితం మీద తల బొమ్మ గీశాడు. తమ దగ్గరున్న పాత పద్ధతిలో రేడియేషన్ నేరుగా పడుతుందట, నోట్లో లాలాజలం ఊరించే గ్రంథులూ దెబ్బతింటాయట. ఊరికి అటు చివరి ఆసుపత్రిలో కొత్త పద్ధతి ఉందట, కిరణాలను గడ్డ ఆకారానికి మలిచి ఆ గ్రంథులను చాలావరకు కాపాడుతుందట. "జబ్బు తగ్గడంలో రెంటికీ పెద్ద తేడా లేదు. తర్వాతి బతుకులోనే తేడా" అన్నాడు, ఇంగ్లీషులో.

"ఏమంటుండు రా?" అన్నాడు చిన్నాయన.

"జబ్బు తగ్గుడు రెంటికీ ఒక్క తీరే అంటుండు."

"మరి గింతసేపు ఏం చెప్పిండు?"

"గదే, తిప్పి తిప్పి చెప్పిండు."

"నా అసొంటోడే! అయితే ఈడనే కానియ్. నువ్వు పరేషాన్ గాకు."

ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, తిప్పాల్సింది నేనే. మన్సూరాబాద్‌లోని మా ఇంటి నుంచి ఎల్బీ నగర్‌కు బండి మీద పది నిమిషాలు; అటు చివరికైతే రోజూ నాకు ఒక పూట పోతుంది. అంతే కారణం. ఇంతకన్నా గౌరవమైన కారణం కోసం చాలా వెతికాను, దొరకలేదు. అబద్ధమాడానా? లేదు. నిజాన్నే నా బద్ధకానికి సరిపోయేంత కత్తిరించాను.

జబ్బు తగ్గింది. నోరు ఎండిపోయింది. రెండు మాటలకోసారి నాలుక అంగిలికి అతుక్కుంటుంది. దుకాణంలో ఇప్పుడాయన, ఎవరో విప్పి పరిచిన చీరలను మౌనంగా మడతపెడుతుంటాడు. అయినా చుట్టాలు కనబడితే, గుక్కెడు నీళ్లు తాగి మరీ, "మావోడు కన్నకొడుకు లెక్క రోజూ తిప్పిండు" అని నన్ను చూపిస్తాడు. నేను తల వంచుకుంటాను. వినయమనుకుంటారు.

కొత్త పద్ధతిలో ఆ నోరు నిలిచేదా? ఏమో. కానీ ఎంచుకోవలసింది ఆయన కదా?

చెబితే క్షమిస్తాడు, అదే నా భయం. నన్ను ఓదార్చడానికి చాలాసేపు మాట్లాడతాడు. అంత మాట్లాడే తడి ఆయన నోట్లో లేదు.

అందుకే మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. ఆ తేలికకూ సిగ్గుగానే ఉంది.