మేస్త్రీ చదవలేకపోయిన పేజీ

మా మేస్త్రీ పోయారు. గోరంట్ల చుట్టుపక్కల దుకాణాల బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాసిన మనిషి. పోయిన వారం ఆయన భార్య ఫోన్ చేసి "మీ మేస్త్రీ పోయినాడు నాయనా" అన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఎవరి మీదో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నా ఇరవయ్యో ఏట ఆయన దగ్గర కుంచె పట్టాను. ఆయనకొక పద్ధతి ఉండేది. బోర్డు రాశాక రోడ్డుకు అవతలి పక్కన నిలబడి, సంతకొచ్చిన ముసలివాళ్లను ఆపి "ఏమప్పా, ఆడ ఏం రాసి ఉండాదో చదువు" అనేవారు. ఆ మనిషి తడబడితే చెరిపి మళ్లీ రాయడమే. నేను మురిపెంగా చుట్టిన తీగలూ పువ్వులూ అలా ఎన్ని పోయాయో! "నీ సోకు చూసేకి రాలేదురా వాళ్లు, అంగడి యాడుండాదో చూసేకి వచ్చినారు" అనేవారు.

ఫ్లెక్సీలొచ్చి కుంచెకు పని తగ్గాక నేను వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. ఒక ఆసామి రైతులకు వానల కబుర్లు, విత్తనాల కబుర్లు చెప్పే సైటు కావాలన్నాడు. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని చేశాను. పెద్ద అక్షరాలు, తెలుపు మీద నలుపు, వరుసల మధ్య కావలసినంత చోటు. ఆయన ఫోన్‌ను చేయి చాపినంత దూరంలో పట్టుకుని, కళ్లద్దాలు లేకుండా చదివి నవ్వారు. వీధంతా తిరిగి చెప్పారు. "మావాడు చేసినాడు, ఇది చదివితే చాలు."

పేజీ మార్చనని ఆసామి నాకు మాటిచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండానే, నాతో ఒక్క ముక్క చెప్పకుండా మార్చేశాడు. అక్షరాలు చిన్నవై బూడిద రంగుకు తిరిగాయి. రెండు వాక్యాలకో ప్రకటన. దాన్ని మూసే గుర్తు జొన్నగింజంత, నొక్కబోతే ప్రకటనే తెరుచుకుంటుంది. నిలదీస్తే "జనం పేజీలో ఎక్కువసేపు ఉంటాండారు గదన్నా" అన్నాడు. వాళ్లు దారి దొరక్క తిరుగుతున్నారని వాడికి బాగా తెలుసు.

ఆ తొలకరికి సర్కారువాళ్లు వేరుశనగ విత్తనాలిచ్చే రోజును మేస్త్రీ ఆ పేజీలోనే చదివి వీధికి చెప్పారు. ఆ రోజుకన్నా ముందే ఇచ్చేస్తారన్న వాక్యం ప్రకటన కింద ఉండిపోయింది. జనం వెళ్లేసరికి పంపిణీ అయిపోయింది. నేలలో పదును ఆరిపోతుంటే, అందరూ వచ్చి ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు.

సంగతి తెలిసి పరుగెత్తాను. "నేను కాదు మేస్త్రీ, వాడు మార్చినాడు" అన్నాను.

ఆయన అరవలేదు. "పేజీ కింద చేసినోని పేరు నీదే ఉండాది గదప్పా" అన్నారు.

ఎప్పుడూ రేయ్ అని పిలిచే మనిషి, బస్సులో పక్కనున్నవాణ్ణి పలకరించినట్టు అప్పా అన్నారు. ఆసామి నన్ను మోసం చేశాడు, నిజమే. కానీ నా పేరు తీసేయమని నేను అడగలేదు. ఆ పేరు చూసే నాకు కొత్త పనులొస్తున్నాయి. ఆ మాట ఆయనతో అనలేక వచ్చేశాను.

మొన్న వెళ్తే ఆయన భార్య ఫోన్ నా చేతికిచ్చింది. "రోజూ పొద్దున్నే ఇదే తెరుస్తాండె. మావాడు సరిచేసినాడేమో చూస్తామని" అంది. తెరిచాను. అక్షరాలన్నిటినీ కప్పేస్తూ ఏదో బొమ్మ మెరుస్తోంది.

"ఇది యాడ ఒత్తితే పోతుంది నాయనా?" అని ఆమె నా భుజం మీదుగా వంగింది. నా వేలు తెర మీద వెతుకుతూనే ఉంది.