తెలీదు బాబాయి సంతకం

ఈ భూమ్మీద బాబాయికి తెలిసిన విషయమంటూ ఒక్కటీ లేదు. ఇది గిట్టనివాళ్ళు వేసిన నింద కాదు, ఆయన స్వయంగా ఊరంతా చాటుకునే మాట. "నాకు తెలీదండీ, కాస్త చెప్పండి" అన్నది ఆయన ఊతపదం. అందుకే ఆయన ఉంటున్న పరాయి దేశంలోని మనవాళ్ళంతా ఆయన్ని తెలీదు బాబాయి అంటారు. అందుకాయన నొచ్చుకోడు సరిగదా, ఎవరైనా అలా పిలిస్తే "ఎవరండీ ఆయన? నాకు తెలీదే!" అంటాడు.

పోనీ ఏ విద్యా రానివాడా అంటే, లిఫ్టు మెకానిక్కు. ఆ నగరంలో సగం లిఫ్టులు ఆయన చేతి చలవతోనే ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అంతటి మనిషీ ఏ లిఫ్టు ఎక్కినా పక్కవాళ్ళని చూసి, "ఇది పైకి వెళ్తుందాండీ?" అని అడగాల్సిందే. పొద్దున తను రిపేరు చేసి వచ్చిన లిఫ్టయినా సరే. రొట్టెల కొట్లోకి వెళ్ళి రొట్టె వాసన చూసి, "దీన్ని తింటారాండీ?" అంటాడు. బస్సెక్కి, డ్రైవర్ని ఆపాదమస్తకం చూసి, "మీరేనా నడిపేది?" అంటాడు. డ్రైవరు కోపగించుకునేలోగా "ఎంత బాగా నడుపుతున్నారండీ!" అని వెనక సీట్లో సర్దుకుంటాడు.

ఇలాంటాయనతో కాపురం ఎలా చేస్తున్నావని పిన్నినడిగితే ఆవిడ పెళ్ళినాటి ముచ్చటతో మొదలుపెడుతుంది.

"రిజిస్ట్రారు ముందు నిలబెడితే, 'ఇక్కడ ఏం చేస్తారండీ?' అని అడిగాడమ్మా ఈ మహానుభావుడు. 'పెళ్ళిళ్ళు చేస్తాం' అన్నాడాయన. 'ఎవరికండీ?' అన్నాడీయన! అప్పటిదాకా నా కాళ్ళు ఒకటే వణుకు, పారిపోదామా అని చూస్తున్నాను. ఆ మాటకి నవ్వాగక, ఆ నవ్వులోనే సంతకం పెట్టేశాను. అదీ నా ఖర్మ!"

ఆ ఇంటికి వచ్చి దిగింది బాబాయి అన్నగారి కూతురు. కట్టుడుపళ్ళు చేయడంలో పిల్ల మహా దిట్ట. ఆమె చేసిన పన్ను పెట్టుకుంటే సొంత పన్నే సవతి పన్నులా కనబడుతుందని పేరు. అది చూసే ఆ నగరంలోని కట్టుడుపళ్ళ లాబువాళ్ళు ఉద్యోగమిచ్చి పిలిపించారు. దిగిన రోజే బాబాయి ఆమె పెట్టెలోంచి నమూనా పళ్ళ సెట్టు తీసి అటూ ఇటూ తిప్పి, "ఇది ఎక్కడ పెట్టుకుంటారమ్మా?" అని అడిగాడు. "నెత్తిమీద!" అంది పిన్ని వంటగదిలోంచి. ఆనాటినుంచీ ఆ ఇంట్లో ఆమె పేరు పళ్ళమ్మాయి అయింది.

పళ్ళమ్మాయి తీరు బాబాయికి పూర్తిగా ఎదురు. చదువుకున్నన్నాళ్ళూ క్లాసులో ముందు వరస. తెలీదు అన్న మాట ఆమె నోట్లోంచి రావాలంటే పన్ను పీకినంత బాధ. అలాంటి పిల్లకి బాబాయితో వీధిలోకి వెళ్ళడమంటే ప్రాణసంకటంగా ఉండేది. ఆయన ట్రాఫిక్ లైటు కింద నిలబడి, పక్కనున్న పెద్దమనిషిని "ఎరుపంటే ఆగమనేనా?" అని అడుగుతుంటే, తను పక్క షాపు అద్దంలోని చెప్పులని చూస్తున్నట్టు నటించేది. ఎంత నటించినా చెవులు మాత్రం కాలిపోయేవి. 'ఇన్నేళ్ళుగా ఇక్కడుండి ఈ మనిషి నేర్చుకున్నది ఇదా!' అని లోలోపల కుమిలిపోయేది. మళ్ళీ రాత్రి అన్నంలో కూర వేస్తూ ఆయన "సరిపోయిందా తల్లీ?" అంటే, అలా అనుకున్నందుకు సిగ్గుపడేది.

ఇలా ఉండగా లాబు యజమాని ఒక మెలిక పెట్టాడు. అక్కడ జీతం చేతికివ్వరట, బ్యాంకు ఖాతాలోనే వేస్తారట. "శుక్రవారంలోగా ఖాతా తెరిచి నంబరు తీసుకురా. లేకపోతే ఆ కుర్చీకి ఇంకొకామె కాచుకుని ఉంది" అన్నాడు. పళ్ళమ్మాయి ఇంటికి తిరిగి వెళ్దామంటే, అక్కడి పాత లాబులో అందరి ముందూ "ఇంక మీ గడప తొక్కితే ఒట్టు" అని చెప్పి మరీ వచ్చింది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

గురువారం ఉదయం ఆమె కాగితాలు సర్దుకుంటుంటే, బాబాయి అప్పటికే చొక్కా ఇస్త్రీ చేసుకుని తయారుగా ఉన్నాడు.

"నేనూ వస్తానమ్మా. బ్యాంకంటే ఎలా ఉంటుందో చూడాలి."

"నిన్ననేగా వెళ్ళొచ్చారు!" అంది పిన్ని.

"అది నిన్న కదా!"

పళ్ళమ్మాయి దారంతా బతిమాలింది. "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. నువ్వు వచ్చి కూర్చో. మాట్లాడకు. నాకన్నీ తెలుసు."

"అలాగేనమ్మా. నీకు తెలిస్తే ఇంకేం కావాలి!" అన్నాడు బాబాయి బుద్ధిమంతుడిలా.

ఆ బుద్ధి బ్యాంకు గుమ్మందాకా నిలిచింది. నెత్తిమీద గోడంత బోర్డు ఉంది. దాని కింద నిలబడి, తలుపు దగ్గరున్న గార్డుని, "ఇది బ్యాంకేనాండీ?" అని అడిగాడు. గార్డు ఎంతో మర్యాదగా "అవునండీ" అన్నాడు. లోపల మెత్తటి కుర్చీల్లో జనం తమ వంతుకోసం కూర్చుని ఉన్నారు. కాలి చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. పళ్ళమ్మాయి వంతు వచ్చింది. ఆమె లేచేలోగా బాబాయి కౌంటరు దగ్గరికి చేరిపోయాడు. కౌంటర్లో కొత్తగా చేరినావిడ, ఇంకా మెడలో బ్యాడ్జీ కూడా నలగలేదు.

"అమ్మా, ఖాతా అంటే ఏంటండీ? నాకు తెలీదు, కాస్త చెప్పండి."

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, పేపరు ఊగుతోంది. కౌంటరావిడ మాత్రం, పాపం, నెమ్మదిగా, విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది. పళ్ళమ్మాయికి తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్ళి ఆయన్ని పక్కకి తప్పించి, "అదంతా నాకు తెలుసండీ. మీరు పని కానివ్వండి" అంది గట్టిగా.

తెలుసంటే ఇంకేముంది! కౌంటరావిడ విడమరచడం మానేసి, వేగం అందుకుంది. పుస్తకాల్లో నేర్చుకున్న భాష పుస్తకాల్లో ఉన్నంత నిదానంగా బయట ఉండదు కదా. పళ్ళమ్మాయికి నాలుగు మాటలకి ఒకటి అందుతోంది. మళ్ళీ చెప్పమని అడగడానికి నోరు రాలేదు. ఇంతమందిలో, అదీ ఇప్పుడే తెలుసని చెప్పి! గంగిరెద్దులా తలూపుతూ "అవును, అవును" అంటూ పోయింది.

కౌంటరావిడ ఒకచేత్తో పాస్‌పోర్టు, ఒకచేత్తో లాబువాళ్ళిచ్చిన ఉత్తరం పట్టుకుని ఏదో అడిగింది. పళ్ళమ్మాయి "అవును" అంది. ఆవిడ రెండూ తిప్పి తిప్పి చూసి, ఈసారి నెమ్మదిగా చెప్పింది.

"అయితే మీ చుట్టం ఉత్తరంతో మీకు ఖాతా ఇవ్వడం కుదరదు. ఉద్యోగం వచ్చిందెవరికో ఆవిడనే పంపించండి."

అప్పటికి గానీ పళ్ళమ్మాయికి సంగతి అర్థం కాలేదు. జరిగిందేమిటంటే, మనకి ఇంటిపేరు ముందూ, పెట్టిన పేరు వెనకా. పాస్‌పోర్టులో అలాగే ఉంది. లాబువాళ్ళు తమ అలవాటు ప్రకారం పెట్టిన పేరు ముందేసి, ఇంటిపేరు తోకలా తగిలించారు. కౌంటరావిడ కంటికి ఇద్దరు మనుషులు కనబడ్డారు. "ఈ ఉత్తరంలో ఉన్నావిడ మీ చుట్టమా?" అని అడిగితే, ఈ తెలివిగల పిల్ల తనకి తనే చుట్టమని ఒప్పేసుకుంది.

ఇప్పుడు కాదంటే అబద్ధాలకోరు కింద జమకడతారు. ఔనంటే ఉద్యోగం హుళక్కి. సరిగ్గా అప్పుడే బాబాయి పక్కకి వచ్చి, "ఏమైందండీ? నాకేమీ తెలియడం లేదు" అన్నాడు. వెనక మళ్ళీ కిసకిసలు.

"ఈయన మీ మనిషా?" అంది కౌంటరావిడ.

"కాదండీ. ఎవరో, నాకు తెలీదు" అంది పళ్ళమ్మాయి.

పొద్దుటినుంచీ తెలియనివాటన్నిటికీ అవునంది. తెలిసిన ఒక్క మనిషినీ తెలీదంది. ఆ మాట నోరు దాటాక గానీ, అదేం మాటో ఆమెకి తెలియలేదు. బాబాయి ఒక్కక్షణం ఆమె వైపు చూశాడు. తరవాత కౌంటరావిడతో, "నిజమేనండీ. పాపం, ఆ అమ్మాయికి నేనేం తెలుసు? మిమ్మల్ని ఒక ముక్క అడిగి పోదామని నిలబడ్డాను" అన్నాడు, ఎప్పటి నవ్వుతోనే.

పళ్ళమ్మాయి కాగితాలు కౌంటరు దగ్గరే వదిలేసి, వెనక్కి వచ్చి తలుపు పక్కనున్న కుర్చీలో కూలబడింది. భూమి బద్దలైతే అందులో దూరిపోదామనిపించింది. గార్డు నీళ్ళగ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. అతనిది కూడా వేరే ఏదో దేశమని మాటతీరే చెబుతోంది.

"ఆ పెద్దాయనేనా మిమ్మల్ని తీసుకొచ్చింది?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. "ఆయన... మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా! ఎన్నో ఏళ్ళుగా ఆయన ఖాతా ఇక్కడే. మేడమీదకెళ్ళే లిఫ్టు కూడా ఆయనే చూస్తారు. ఒక్కరే వచ్చినప్పుడు రెండు నిమిషాల్లో పని ముగించుకుని పోతారు. కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చిన రోజే ఈ ప్రశ్నలన్నీ. నన్నూ ఇలాగే తీసుకొచ్చారు. నేను గుమ్మం దగ్గరే చెమటలు కక్కుతుంటే, ఈయన లోపలికెళ్ళి 'డబ్బంటే ఏంటండీ?' అని అడిగారు. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న నేనడగలేను కదా! ఆ ధైర్యంతో అన్నీ అడిగేశాను. ఎందుకిలా చేస్తారని తరవాత అడిగితే, 'అడగనిదే అమ్మయినా పెట్టదు కదయ్యా. గదిలో పెద్ద మొద్దు నేనేనని తేలిపోతే, నా వెనకవాడు హాయిగా అడుగుతాడు' అన్నారు."

పళ్ళమ్మాయి గ్లాసు కింద పెట్టేసింది. ట్రాఫిక్ లైటు కింద ఆయన ఎరుపు గురించి అడిగిన రోజు గుర్తొచ్చింది. ఆ దేశంలో రోడ్డు దాటడం ఆమెకది మొదటిసారి. ఎటు చూసి దాటాలో ఆ పెద్దమనిషి బాబాయికి చేతులూపుతూ చెబుతుంటే, చెప్పులు చూస్తున్నట్టు నటిస్తూనే తను అంతా విని నేర్చుకుంది. బస్సు టిక్కెట్టూ అంతే, లిఫ్టు మీటలూ అంతే. ఆయన పరువు ఖర్చుపెట్టి తనకి ఊరు నేర్పించాడు. తనేమో ఆయనెవరో తెలీదంది. చెంపలు వాయించుకోవాలనిపించింది.

అవతల కౌంటరు దగ్గర బాబాయి ప్రశ్నలు సాగుతున్నాయి.

"నాకు తెలీక అడుగుతానండీ. మీ ఇంటిపేరు ముందుంటుందా, వెనకుంటుందా?"

"వెనక."

"మా దగ్గర ముందుంటుందండీ. మరి అక్కణ్ణించి ఇక్కడికి ఒక మనిషి వస్తే, పేరుని ఎటు తిప్పుకోవాలండీ?"

"ఎటైనా ఒకటే. మనిషి అదే కదా."

"ఓహో! మనిషి అదేనా! మరి రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే, ఇద్దరవుతారాండీ?"

"ఇద్దరెలా అవుతారండీ..." అంటూ కౌంటరావిడ ఆగిపోయింది. ఉత్తరం తీసింది. పాస్‌పోర్టు తీసింది. పక్కపక్కన పెట్టింది. ఆవిడ మొహం ఎర్రబడింది. "అయ్యో, ఇదంతా ఒక్కరేనా!" అని, "ఇలా రామ్మా!" అని పిలిచింది. "నీ పేరు సంగతి నాకు తెలీదు. నువ్వైనా చెప్పకపోయావా?"

పళ్ళమ్మాయి లేచి వెళ్ళింది. ఈసారి "మీరేం అడిగారో నాకు అర్థం కాలేదండీ. నెమ్మదిగా చెప్పండి" అంది. పన్ను ఊడొచ్చింది కానీ, అనుకున్నంత నొప్పి పెట్టలేదు. కౌంటరావిడ నెమ్మదిగా అన్నీ అడిగి, కంప్యూటర్లో ఎక్కించుకుని, చివరికి ఒక మాటంది.

"ఇంకొక్కటే. నువ్వెవరింట్లో ఉంటున్నావో వాళ్ళు స్వయంగా వచ్చి, నువ్వు తెలుసని చెప్పి సంతకం పెట్టాలి. ఎవరింట్లో ఉంటున్నావు?"

బాబాయి చటుక్కున పైకప్పు వైపు తిరిగి, దీపాలని మహా శ్రద్ధగా చూడసాగాడు. కుర్చీల్లో జనం ఇటే చూస్తున్నారు. పళ్ళమ్మాయి ఆయన చొక్కా చేతిని పట్టుకుంది.

"ఈయనింట్లోనండీ. ఈయన మా బాబాయి."

"ఇందాక తెలీదన్నావు?"

"సిగ్గుపడి అలా అన్నానండీ. ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నన్ను చూసుకుని సిగ్గుపడుతున్నాను."

కౌంటరావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "బాబాయంటే ఏంటి?" అంది.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ!" అన్నాడు బాబాయి.

"నాన్న తమ్ముడు" అంది పళ్ళమ్మాయి, పేపరాయనకి కూడా వినబడేలా.

కౌంటరావిడ కాగితం బాబాయి ముందుకి జరిపింది. "ఏమండీ, ఈ అమ్మాయి మీకు తెలుసా?"

ఆ ప్రశ్నకి జవాబు ఏళ్ళ తరబడి ఆయన నోట ఎవరూ వినని మాట. గార్డు తలుపు వదిలేసి ముందుకొచ్చాడు. బాబాయి ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"తెలుసండీ" అన్నాడు. "చాలా బాగా తెలుసు."

పళ్ళమ్మాయి కళ్ళు చెమర్చేలోగానే ఆయన బల్లమీది పెన్ను తీసుకుని, వెలుతురుకి పెట్టి ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇంతకీ దీన్ని ఎటువైపునుంచి పట్టుకోవాలండీ?"

బ్యాంకంతా ఘొల్లుమంది. కౌంటరావిడ నవ్వాపుకుంటూ పళ్ళమ్మాయి వైపు చూసింది. పళ్ళమ్మాయి బల్లమీదున్న ఇంకో పెన్ను తీసుకుని తలకిందులుగా పట్టుకుంది.

"నాకూ తెలీదండీ" అంది. "కాస్త చెప్పండి."