తండ్రి లేని గింజ

ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. పైన తొక్క నిగనిగలాడుతున్నా లోపల గింజ లేదని మా మాస్టారు ముందే పసిగట్టారు. అలాంటివాణ్ణి గుంటూరు దగ్గర ఒక ల్యాబులో సీసాలు కడగడానికి పెట్టుకున్నారు. అక్కడ వెతికే సరుకూ దాదాపు అలాంటిదే.

ఎనభైల నాటి మాట. పుప్పొడి తగలని పత్తి పిందెలోని లేత గింజల్ని సీసాలో పెంచాలి. లోపల మొలక పుట్టకపోయినా, మొలకకు తిండిగా ఉండే తెల్లటి గుజ్జు మాత్రం పట్టాలి. ల్యాబులో మా సారు డాక్టరేటు ఆ గుజ్జు మీదే ఆగి ఉంది.

సాయంత్రం నేను ల్యాబు పత్తి మడిలో మొగ్గల్లోని పుప్పొడి కాడల్ని గోటితో గీకేసి, బయటి పుప్పొడి పడకుండా ఎర్ర కాగితం తొడిగేవాణ్ణి. రెండు రోజులాగి పిందెలు కోసి తెస్తే, సారు లోపలి గింజల్ని చైనాగ్రాసు, పంచదార, కొబ్బరినీళ్ళు కలిపిన జెల్లీ మీద పరిచేవారు. ఆ తర్వాత కుళ్ళడమే. నల్ల బూజు, పచ్చ బూజు, చీమిడిలాంటి జిగురు. దూది బిరడా తీస్తే పులిసిన కంపు ముక్కులోంచి తిన్నగా కడుపులోకి దిగేది. ఆ జిగురును వేళ్ళతో గీకి కడిగి, అదే చేత్తో క్యారేజీ విప్పాలి. ఈనాటికీ కొబ్బరిచట్నీ చూస్తే నాకు డోకొస్తుంది.

ఒకసారి కొన్ని సీసాల్లో బూజు పట్టలేదు, గింజలు ఉబ్బాయి. సారు సంతోషం పట్టలేక నన్ను కౌగిలించుకోబోయి, నా చొక్కా వాసనకు ఆగిపోయారు. ఒక గింజ కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. గుజ్జు ఉంది. గుజ్జు మధ్యలో బుల్లి మొలక కూడా ఉంది. పుప్పొడి పడితే తప్ప అది పుట్టదు. కుళ్ళిన సీసాల్ని చూసినప్పుడు కూడా ఆయన మొహం అంత వికారంగా మారలేదు.

"అన్నీ పారబోసి కడుగు" అన్నారు.

ఆరా తీస్తే తేలింది. కలుపు తీయడానికి కొత్తగా వచ్చిన పెద్దమ్మ అంతకుముందు మార్టూరు వైపు విత్తనపత్తి చేలల్లో పనిచేసింది. అక్కడ సాయంత్రం గీకిన మొగ్గకు, గింజ పట్టాలని మర్నాడు పొద్దున్నే వేరే పువ్వు పుప్పొడి రుద్దుతారు. మా మడిలో ఎర్ర కాగితాలు చూసి, ఎవడో బద్ధకస్తుడు సగం పని ఎగ్గొట్టాడనుకుని, వరసంతా రుద్ది, కాగితాలు మళ్ళీ బుద్ధిగా తొడిగింది.

చేతుల కంపు వదలకముందే ఆమె దగ్గరికి వెళ్ళాను. నీ చలవవల్ల సారు డాక్టరేటును తూములో పోసొచ్చాను పెద్దమ్మా అన్నాను.

ఆమె కలుపు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఇన్నాళ్ళూ కుళ్ళు కడిగి చచ్చావు. నేను చెయ్యి పెట్టబట్టే గదరా అబ్బాయా, నీ సీసాల్లో ఒక్కసారన్నా గింజ పట్టింది."