చీమల మీసాలు చూపని కెమెరా

ఆ రోజుల్లో, అంటే నేను ఉద్యోగ విరమణ పొందిన తొలి సంవత్సరాల్లో, కొత్తగా బడిలో చేరిన పిల్లవాడికి ఉండేంత ఉత్సాహమూ అంతే బెంగా నాకు ఉండేవి. మహబూబ్‌నగర్ బస్టాండులో కంట్రోలరుగా ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసుకుంటూ జీవితమంతా గడిపిన మనిషికి ఒక పూలదండ వేసి ఖాళీ ఇంటికి పంపితే, అతడు ఇక ఏమి రాసుకోవాలి? (మా ఆవిడ అంతకుముందే కాలం చేసింది, పాలవాడు తప్ప నా గుమ్మం ముందు ఆగే సర్వీసు లేదు.) అందుచేత తొలకరి వాన వెలిసిన మర్నాడు నల్లా దగ్గర రెక్కలు రాల్చుకుని తిరుగుతున్న రాణి చీమ కనిపించగానే, గాజు గొట్టంలో తడి దూది పెట్టి దానికి జాగా ఇచ్చాను. మరుసటి వానల నాటికి అది గాజుపెట్టె నిండా సంసారం పెంచింది. రాకపోకలు రాసుకోవడానికి నాకు మళ్లీ ఒక బస్టాండు దొరికింది.

అంతటి క్రమశిక్షణను నేనొక్కడినే చూడటం అన్యాయమనిపించి, ప్రపంచానికి ప్రత్యక్ష ప్రసారం చేయాలని నిశ్చయించాను. కెమెరాకు ఉండవలసిన లక్షణాలన్నీ కాగితం మీద రాసుకుని క్లాక్ టవర్ దగ్గరి దుకాణానికి వెళ్లాను.

"ఇంట్ల ఏం బెట్టిండ్రు పెద్దసారూ? బంగారమా?" అన్నాడు దుకాణదారుడు.

"చీమలు."

"చీమలు దొంగతనం జేస్తున్నయా?"

"చెయ్యయి. వాటి మీసాలు కనవడాలె."

అతడు ఒకసారి నా మీసాల వైపు చూశాడు. "గీ కెమెరా వెట్టుండ్రి. అర్ర మొత్తం కనవడ్తది. చీమ ఏడికి పోతది?"

నా కాగితం విప్పేలోపే కెమెరా సంచిలో పడింది. తీరా బిగిస్తే దానికి దగ్గరి వస్తువు మసక. దూరంగా అల్మారా మీద పెడితే చీమలు ఆవగింజలు. మర్నాడే వెళ్లి నిలదీశాను. "బొమ్మల మూడింట రెండు వంతులు బనీను ఏసుకున్న ముసలోడే ఉన్నడు! నాకెందుకయ్యా గా పనికిరాని సరుకు?"

"గది మీరే గద సారూ!" అన్నాడు. వాపసు మాత్రం తీసుకోలేదు.

చేసేది లేక దానితోనే ప్రసారం మొదలుపెట్టి, పాత ఉద్యోగుల ఫోను గ్రూపులో లింకు పంపాను. పండుగ పండుగకూ పూలగుత్తుల బొమ్మలు కుప్పలుగా పోసే ఆ మహానుభావులలో ఒక్కరూ పలకలేదు. అయితే తెర మూలన, చూస్తున్నవారి సంఖ్య 'ఒకటి' అని ఉంది. అది నా ఫోనేనేమోనన్న అనుమానంతో దాన్ని పూర్తిగా ఆపి, పక్కింటివారి ఫోనులో చూశాను. 'రెండు' అని చూపింది. అంటే ఎవరో నిజంగానే ఉన్నారు! ఆ రోజు ఆనందంతో చీమలకు ఉడికించిన గుడ్డు పెట్టాను.

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం పెట్టె పక్కన కూర్చుని, చాయ్ తాగుతూ, చీమల మంచిచెడ్డలు ఆ ఒక్కరికి వివరించేవాడిని. పొద్దున లేవగానే మొదట ఆ అంకెనే చూసుకునేవాడిని. అంత నమ్మకంగా వచ్చే మనిషికి ఆవగింజలు చూపడం మర్యాద కాదు కదా! ఎక్కడ విసుగు పుట్టి వెళ్లిపోతారోనన్న భయంతో హైదరాబాదు పోయి, అన్ని దుకాణాలూ గాలించి, దగ్గరి వస్తువును పెద్దదిగా చూపే మంచి కెమెరా తెచ్చాను. (దానికి మైకు లేదు. చీమలు మాట్లాడవు కనుక అక్కర లేదనుకున్నాను.) ఇక మీసాలేమిటి, మీసాల మీది దుమ్ము కూడా కనిపించింది.

చూస్తున్నవారి సంఖ్య సున్నా అయింది.

వారమంతా సున్నాయే. వైర్లు మార్చాను. ఇంటర్నెట్ మనిషిని పిలిపించి గట్టిగా అడిగాను. "మా లైన్ మంచిగనే ఉంది సార్, చూసేటోళ్లే లేరు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ పూట చాయ్ పెట్టుకోబుద్ధి కాలేదు.

అప్పుడు రామన్నపేట నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు మా పాత డ్రైవరు. టైము కాకముందే బండి కదిలించేవాడు కనుక అతణ్ణి అందరం ఉరుకులాయన అనేవాళ్లం. ఎన్నిసార్లు రాసిపెట్టానో అతని పేరు!

"సాబ్, పాణం మంచిగున్నదా? దవాఖానల గిట్ల పడ్డరా ఏంది?"

"నాకేమైంది? ఎవరు జెప్పిండ్రు?"

"ఎవరు జెప్తరు? వారం సంది చూస్తున్న. ఫోన్ తెరిస్తే నిండ చీమలే. మీరు కనవడ్తలేరు, మీ మాట ఇనవస్తలేదు. జర చూసుడు, బంద్ జేసుడు."

"చీమలను చూడనీకె గదనయ్యా పెట్టింది!"

"మా ఇంట్ల తక్వ ఉన్నయా సాబ్ చీమలు? బెల్లం డబ్బ తీస్తే అన్ని అవే. మోకాలు ఆపరేషన్ అయినంక నన్ను బయటికి పోనిస్తలేరు. మీరు చాయ్ వోసుకుంటే నేను గూడ తెప్పిచ్చుకునేది. ఇప్పుడు ఒక్కన్నే తాగుతున్న."

"మరి గ్రూపుల ఒక్క మాట అనవైతివి?"

"అంటే నవ్వరా? మీరొక పిచ్చోళ్లు, నేనొక పిచ్చోన్ని అని."

ఆ సాయంత్రమే మంచి కెమెరాను దాని అట్టపెట్టెలో పెట్టేసి, పాతదాన్ని అల్మారా మీదికి ఎక్కించాను. చీమలు మళ్లీ ఆవగింజలయ్యాయి. పనికిరాని సరుకని ఆనాడు దుకాణంలో కేకలు వేసివచ్చిన ఆ బనీను ముసలివాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, చీమలను కాక తననే ఒకరు చూడబోతున్నారని అతనికి తెలియదు. ఈమధ్య అతడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటున్నాడు. నాలుగింటి చాయ్‌కి ఉరుకులాయన మూడున్నరకే తెర మూలన 'ఒకటి'గా వచ్చేస్తాడు. టైముకు ముందే వచ్చినట్టు నేనెక్కడా రాయను.