మడత చేతుల చొక్కా

మొన్న డాక్టరు దగ్గరికి ఆటోలో వెళుతుంటే ఏలూరు రోడ్డులో సిగ్నల్ పడింది. తలెత్తి చూస్తే పెద్ద ఫ్లెక్సీ, అందులో తెల్లచొక్కా చేతులు రెండు మడతలు పెట్టుకుని దండం పెడుతున్న కుర్ర నాయకుడు, కింద ‘తాతకు తగ్గ మనవడు’ అని రాసి ఉంది. ఆ మడతలు చూసి నాకు నవ్వాగలేదు, ఆటో అతను అద్దంలోంచి అదోలా చూశాడు.

మా నాన్నది కాలవగట్టు మీద చిన్న బంకులో టైలరింగు. బెజవాడ నుంచి ఎంతెంత పెద్ద నాయకులు వచ్చారో నా ఈడువాళ్లకి నేను చెప్పక్కర్లేదు గానీ, వాళ్ల చొక్కాలు ఎవరు కుట్టారో ఎవరికీ పట్టలేదు. నాన్న కుట్టిన చొక్కాతో నామినేషన్ వేస్తే గెలుపు ఖాయమని మా పేటలో ఎలాగో ఒక సెంటిమెంటు పుట్టింది. దాంతో ఒక ఏడు ఎన్నికల్లో ఒకే సీటుకి పోటీపడుతున్న పొడుగాటి ప్లీడరుగారూ, పొట్టి మిర్చి వ్యాపారిగారూ ఇద్దరూ మాకే గుడ్డ తెచ్చారు. ఎవరినీ కాదనడానికి లేదు, బంకు ఉన్నది సర్కారు స్థలంలో, గెలిచినవాళ్లు తలుచుకుంటే తెల్లారేసరికి లేపేయించగలరు. పక్షపాతం అనిపించుకోకూడదని కుట్టిన చొక్కాలు తీసుకెళ్లడానికి నాన్న ఇద్దరినీ ఒకే సాయంత్రం రమ్మన్నాడు.

వచ్చి, ఒకే బెంచీ మీద కూర్చుని, చొక్కాల పేపరు పొట్లాలు పక్కన పెట్టుకుని, టీ తాగుతూ కాలవ నీళ్ల గురించి కేకలేసుకున్నారు. అప్పటి నాయకులు అలాగే పోట్లాడుకుని, లేచేటప్పుడు భుజాల మీద చేతులేసుకునేవాళ్లు. ఆ వేడిలో ఒకరి పొట్లం ఒకరు పట్టుకెళ్లారు.

మర్నాడు ముహూర్తం ముంచుకొస్తుంటే విప్పి చూసుకున్నారు. ప్లీడరుగారికి చొక్కా చేతులు మోచేతి కిందే ఆగిపోతే పాత చొక్కాతో వెళ్లారు. వ్యాపారిగారేమో వేళ్లు దాటి వేలాడుతున్న చేతుల్ని మడిచేసుకుని నామినేషన్ వేశారు, గెలిచారు కూడా. నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు బంకు తీయించేస్తారని అమ్మ ఒకటే ఏడుపు, ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

వ్యాపారిగారు రానే వచ్చారు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సాయిబుగారూ, ప్రమాణ స్వీకారానికి కూడా ఆ కొలతకే కుట్టండి, కలిసొచ్చింది,” అన్నారాయన.

నాన్నకి ప్రాణం లేచొచ్చింది గానీ, ఒకరి కొలత అడక్కుండా ఇంకొకరికి వాడటానికి మనసొప్పక ప్లీడరుగారింటికి వెళ్లాడు. “సీటెలాగూ తీసుకున్నాడు, కొలతలు కూడా తీసుకోమను సాయిబూ,” అని ఆయన పడీపడీ నవ్వారట. నాన్న వచ్చేశాక కూడా నవ్వారో లేదో, నాకు ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది.

మంత్రి అయ్యాక కూడా వ్యాపారిగారు ఆ కొలత మార్చలేదు. ఊరు దాన్ని స్టైలనుకుంది, కార్యకర్తలంతా చేతులు మడిచారు.

ఇప్పుడు బంకూ లేదు, బెంచీ లేదు. పోటీ చేసేవాళ్లు టీవీల్లో ఇంట్లో ఆడవాళ్లని కూడా వదలకుండా తిట్టుకుంటున్నారు, పొట్లాలు మారిపోయేంత దగ్గరగా ఎవరూ కూర్చోవడం లేదు. దిగులేస్తుంది. ఫ్లెక్సీలో కుర్రాడి చొక్కా అతనికి సరిగ్గానే అమరింది, అయినా మడిచాడు. ఆ మడతలో ఉన్నది తాత చేతిలో ఓడిపోయిన మనిషి చెయ్యి పొడవని అతనికి ఎవరు చెబుతారు?